సీతాలు మళ్లీ చేప తింటోంది

సీతాలుకు ఇప్పుడు బాగుంది. కాస్త ఊపిరి పీల్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను. ముసలి పిల్లులున్న ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఒకటి, కడుపులో కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇంకొకటి.

మా సీతాలు బూడిద రంగు చారల నాటు పిల్లి. 13 ఏళ్లు. విజయవాడలో మేము పాత ఇంట్లో ఉన్నప్పుడు మేడ మెట్ల కింద దొరికింది, అప్పటి నుంచీ మాతోనే. పోయినేడు వానాకాలంలో మొదలైంది ఈ గొడవ. గిన్నె చప్పుడైతే చాలు పరుగున వచ్చేది. వాసన చూసేది. అన్నం వైపు చూసి బుస్సుమని వెళ్లిపోయేది. ఎప్పుడైనా తిన్నా తల ఒక పక్కకు వంచి తినేది, ముద్ద నోట్లోంచి జారి కింద పడేది. ఒళ్లు నాక్కోవడం మానేసింది, వీపు మీద బొచ్చు ఉండలు కట్టింది. మూతి దగ్గరికొస్తే కుళ్లు వాసన. ఆకలి లేక కాదు, ఆకలేస్తున్నా తినలేకపోతోందని రోజూ చూసేవాళ్లకు ఎవరికైనా తెలిసిపోతుంది.

దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ విన్నారు. దాని నోరు తెరిచి చూడలేదు. పొట్ట ఒకసారి తడిమి, “ఎన్నేళ్లమ్మా?” అన్నారు. చెప్పాను. “ముసలిదైపోయింది కదమ్మా, తిండి తగ్గుతుంది. ఇన్నేళ్లు బతికింది, ఇంకేం కావాలి? ఉన్నన్నాళ్లు పెరుగన్నం పెట్టండి” అని ఒక ఇంజక్షన్ చేసి పంపేశారు.

ఆ మాట అన్నప్పుడు మా అత్తయ్య నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడకు 76 ఏళ్లు. ఆటోలో దారి పొడవునా ఆవిడ నోరు మెదపలేదు. ఇల్లు చేరి చెప్పులు విడుస్తూ, “ఇంకో డాక్టర్ని చూడమ్మాయ్” అన్నారు. అంతే.

ఇంజక్షన్‌తో కొన్నాళ్లు బాగానే తింది. అది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. దాంతో వాపు తగ్గుతుంది, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. మళ్లీ మొదలైనప్పుడు ఇంకా ఎక్కువైంది.

ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. సీతాలు అప్పటికే సరిగ్గా తిని రెండ్రోజులు కావస్తోంది. మా ఆయన శీలావతి చేప తెచ్చారు. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టాను. వాసనకు వంటింట్లోకి వచ్చింది. చిన్న ముక్క నోట్లోకి తీసుకుంది. ఒక్క అరుపు అరిచింది. ఇన్నేళ్లలో దాని గొంతులో అలాంటి అరుపు నేను వినలేదు. వెనక్కి ఎగిరిపడి, ముందు కాలితో మూతి గీరుకుంటూ, ఫ్రిజ్‌కు కొట్టుకుని దాని వెనక్కి దూరిపోయింది. ముక్క పడిన చోట నేల మీద చొంగ, అందులో సన్నగా నెత్తుటి చార.

అర్ధరాత్రి దాటాక తనే బయటికొచ్చి నీళ్ల గిన్నె మీదకు వంగి కూర్చుంది. తాగదు. గడ్డం నీళ్లకు తగులుతున్నంత దగ్గరగా పెట్టి అలాగే ఉంది. కింది దవడ టకటకా కొట్టుకుంటోంది. పిల్లులు రోజుల తరబడి తినకపోతే ఒంట్లోని కొవ్వంతా లివర్‌కు చేరి అది దెబ్బతింటుందని నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో మా మరిదికి ఫోన్ చేశాను. “మా చిన్నాడికి వేసే పారాసెటమాల్ చుక్కలు ఓ రెండు వేయండి వదినా, నొప్పి తగ్గుతుంది” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అతన్నేమీ అనను. కానీ దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. పారాసెటమాల్ పిల్లులకు విషం. మనలాగా దాన్ని విరిచి బయటికి పంపే శక్తి వాటి లివర్‌కు లేదు. నెత్తురు ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, ఒక్క మాత్రతో కూడా ప్రాణం పోవచ్చు.

బయటికి వెళ్లేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ కదలరు మా అత్తయ్య. ఆ రాత్రి అదే మనిషి మోకాళ్ల నొప్పులతో గోడకానుకుని నేల మీద కూర్చున్నారు. “అమ్మా దుర్గమ్మా, నోరులేనిదమ్మా” అంటూ తెల్లవార్లూ దాని పక్కనే.

పంటి ఎక్స్‌రే తీసే క్లినిక్ హైదరాబాద్‌లో ఉందని స్నేహితురాలు చెబితే, తెల్లవారకుండానే కారులో బయల్దేరాం. నందిగామ దాకా బుట్టలో ఏడుస్తూనే ఉంది. కోదాడ వచ్చేసరికి సద్దుమణిగింది. నాకు అది ఇంకా భయమేసింది.

అక్కడి డాక్టరమ్మ ముందు దాని నుదురు నిమిరారు. తర్వాత పెదవి కొద్దిగా పైకెత్తి చూశారు. నోరు తెరిచింది రెండు క్షణాలే. దవడల వెనక, గొంతు మొదట్లో రెండు పక్కలా ఎర్రగా పచ్చిపుండు. “ఇంత నొప్పి పెట్టుకుని ఎలా ఉందమ్మా ఇది!” అన్నారావిడ. నేనక్కడే ఏడ్చేశాను. అన్నాళ్లకు ఒక మనిషి నొప్పి అనే మాట అన్నారు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క) కాస్త ఎక్కువ. అందుకని ముందు సెలైన్ పెట్టి, తర్వాతే మత్తిచ్చి ఎక్స్‌రేలు తీశారు. పిల్లికి 30 పళ్లు. సీతాలుకు దవడ పళ్లలో కొన్ని పైకి బాగానే కనిపిస్తున్నా చిగురు కింద వేర్లు తినేసి ఉన్నాయి. చెద పట్టిన కర్రలా అన్నారు డాక్టరమ్మ. ఒంట్లోని కణాలే పంటిని కొద్దికొద్దిగా కరిగించేస్తాయట. ఎందుకలా మొదలవుతుందో వైద్యులకే ఇంకా పూర్తిగా తెలియదు. ఫిల్లింగ్‌లు పనిచేయవు, పన్ను తీసేయడమే. దానికి తోడు నోరంతా వాపు. పంటి మీద చేరే గారను, సూక్ష్మక్రిములను ఒళ్లు భరించలేక తన నోటి మీదే తిరగబడడం ఇది. ఒక పక్క వాపు ఎక్కువగా ఉందని ముక్క తీసి బయాప్సీకి పంపారు, ముసలి పిల్లుల్లో నోటి క్యాన్సర్ ఉంటుంది కాబట్టి. క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

దవడ పళ్లన్నీ వేర్లతో సహా తీసేయాలన్నారు. ఇలాంటి పిల్లుల్లో పదింటికి ఆరు నుంచి ఎనిమిదింటికి బాగా తగ్గుతుంది, మిగతావాటికి జీవితాంతం మందులు తప్పవు అని దాచకుండా చెప్పారు. మా ఆయన వెనకాడారు. పళ్లు లేకుండా పిల్లి ఎలా బతుకుతుందని ఆయన బాధ. నేనూ తేల్చుకోలేక అత్తయ్యకు ఫోన్ చేశాను. “నా పళ్లన్నీ పీకించాకే కదా నేను మళ్లీ కంటినిండా నిద్రపోయింది! తీయించెయ్యండి” అన్నారు. ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఆపరేషన్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. దవడకు మత్తు సూది వేశారు, చిగుళ్లకు కరిగిపోయే కుట్లు వేశారు, కోరలూ ముందు పళ్లూ ఉంచారు. కిడ్నీల దృష్ట్యా మామూలు నొప్పి మాత్రలు వద్దని, బుగ్గ లోపల వేసే మందు ఇచ్చారు.

మర్నాడు పొద్దున క్లినిక్‌లోనే మెత్తటి పేస్ట్ తిండి కొద్దిగా నాకింది. బుస్సుమనకుండా, తల వంచకుండా నాకింది. కొన్ని వారాలకు ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది. నేను నిజంగా కోలుకుందని నమ్మింది ఆ రోజే. ఎప్పుడూ పడుకునే ఉంటే వయసు అనుకున్న పిల్లి ఇప్పుడు బీరువా ఎక్కుతోంది. శీలావతి ముక్కలు మెత్తగా చిదిమి పెడితే గిన్నె ఖాళీ చేస్తోంది.

ఆ డాక్టరు గారి మీద కోపం పోయిందనుకుంటాను, సీతాలు తింటుంటే చూసినప్పుడల్లా మళ్లీ వస్తుంది. పెదవి ఎత్తి చూడడానికి ఎంతసేపు పడుతుంది? మీ పిల్లి గిన్నె దాకా వచ్చి వెనక్కి పోతున్నా, ఒకే పక్క నములుతున్నా, చొంగ కారుస్తున్నా నోరు చూడమని గట్టిగా అడగండి. డాక్టరు మొహమాటపెడితే మీరు మొహమాటపడకండి. మత్తు లేకుండా పైపైన గార గీకేస్తామంటే ఒప్పుకోకండి, జబ్బు చిగురు కింద ఉంటుంది. ముసలిదానికి మత్తిస్తే పోతుందని నన్నూ చాలామంది భయపెట్టారు. రక్తపరీక్షలు చేసి, గుండె చూసి, జాగ్రత్తగా ఇచ్చేవాళ్లు ఉన్నారు.

దసరా రద్దీ తగ్గాక అత్తయ్య కొండెక్కి దుర్గమ్మకు మొక్కు తీర్చుకున్నారు. గోత్రనామాలు చెప్పేటప్పుడు సీతాలు పేరు కూడా చెప్పారట. పూజారి గారు ఎవరని అడగలేదట. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష ఉంది. క్రియాటినిన్ పెరగకుండా ఉంటే చాలు.