ఎల్సీ పుస్తకం ముందు పెట్టుకుని నాయకత్వ సూత్రాలు రాసుకున్నాను

శిక్షణ తరగతుల్లో "మీ నాయకత్వ తత్వం ఒక పేజీలో రాయండి" అంటే చాలామంది నిజాయితీ, క్రమశిక్షణ, జట్టు స్ఫూర్తి అని రాసిచ్చేస్తారు. వాటిని కాదనేవాళ్లుండరు, వాటితో తేలే పనీ ఉండదు. విద్యుత్ పంపిణీలో సెక్షన్ ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) నేను ఆ పేజీని ఎల్సీ పుస్తకం దగ్గర మొదలుపెట్టాను.

ఎల్సీ అంటే లైన్ క్లియర్. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ ఫీడర్ (అక్కణ్నుంచి ఊళ్లకు వెళ్లే 11 కేవీ లైన్) బ్రేకర్ ఆపి, స్విచ్‌లు తెరిచి, లైన్ మీద పనికి పుస్తకంలో రాసిచ్చే అనుమతి. తీసుకున్న మనిషే తిరిగివ్వాలి. ఎల్సీ ఉన్నా లైన్‌మన్ టెస్టర్‌తో చూసి, పనిచేసే చోటుకి రెండువైపులా ఎర్త్ రాడ్లు (తీగను నేలకు కలిపే కడ్డీలు) వేశాకే తీగ ముట్టుకోవాలి. ఎందుకంటే ఏ షాపువాళ్లో చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటునీ జనరేటర్‌నీ ఒకేసారి కలవనివ్వని స్విచ్) లేకుండా జనరేటర్ కలిపేస్తే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి ఎక్కి 11 కేవీ లైన్లోకి వచ్చేస్తుంది. ఇవన్నీ నిబంధనల్లో ఉన్నవే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో భద్రతా నియమాలను కొత్తగా ఇచ్చింది కూడా. కానీ ఊరంతా చీకట్లో ఉండి ఫోన్ మోగుతున్నప్పుడు ఆ నియమం మీద ఎవరు నిలబడతారన్నది నియమాల పుస్తకం తేల్చదు.

అందుకే ఒత్తిడి మధ్య తీసుకున్న నిర్ణయాలనే నోటుబుక్కులో ఎక్కించాను. గడులు నాలుగు: పరిస్థితి, ఒత్తిడి ఎవరిది, నా నిర్ణయం, నష్టం ఎవరు భరించారు. చివరి గడే అసలుది. ప్రతిసారీ అక్కడ జూనియర్ లైన్‌మన్ పేరో కాంట్రాక్టు కార్మికుడి పేరో వస్తుంటే, పైన ఏ విలువ పేరు రాసుకున్నా దండగే.

ఒకే తీరు నిర్ణయాలు నాలుగైదు పోగయ్యాక ఒక వాక్యం రాయవచ్చు. అందులో మూడు ముక్కలుండాలి: ఎప్పుడు, ఏం చేస్తాను, ఏది వదులుకుంటాను. "భద్రత ముఖ్యం" అన్నది ఇలా మారింది: "ఎల్సీ తీసుకున్నవాడు తిరిగివ్వనంతవరకు, ఎవరు ఫోన్ చేసినా ఫీడర్ చార్జ్ చెయ్యమనను (మళ్లీ కరెంటు వదలమనను), ఆలస్యానికి సంజాయిషీ నేనే రాస్తాను." "అందరూ సమానమే" అన్నది ఇలా: "కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు రిజిస్టర్ వరసలోనే మారుస్తాం, ఆసుపత్రి, తాగునీటి పథకం తప్ప మినహాయింపు లేదు." మినహాయింపులు ముందే రాసి పెట్టకపోతే ఫోన్లో ఎవరుంటే వాళ్లే మినహాయింపు అయిపోతారు.

చిక్కల్లా రెండు వాక్యాలు ఢీకొన్నప్పుడే. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను గడువులోగా మార్చాలి, అవతల పైరు ఎండుతోంది. రాత్రంతా గాలివానలో తిరిగిన గ్యాంగ్‌ను (లైన్ పనివాళ్ల జట్టును) పొద్దున్నే మళ్లీ స్తంభం ఎక్కించకూడదు. రెండూ సరైనవే. కాబట్టి వాక్యాలకు వరస నంబర్లు వేయాలి, పై నంబరుదే గెలుపు. నా పేజీలో గ్యాంగ్ విశ్రాంతి గడువుకంటే పైన ఉంది. పక్క సెక్షన్ నుంచి మనుషుల్ని అడగాల్సి వచ్చినా సరే, గడువు దాటినా సరే.

తర్వాత కిందివాళ్లకు చూపించాలి. "ఎలా ఉంది?" అనడిగితే "బాగుంది సార్" తప్ప ఇంకేం రాదు. లైన్ ఇన్‌స్పెక్టర్‌ను విడిగా కూర్చోబెట్టి, "పోయిన వేసవిలో దీనికి ఎదురు జరిగినవి చెప్పండి" అనాలి. అప్పుడు గాని "మరి రాత్రుళ్లు ఫోన్లో ఇచ్చే ఎల్సీల సంగతేంటి సార్?" అన్న ప్రశ్న బయటికి రాదు. దాంతో ఇంకో వాక్యం చేరింది: ఫోన్ ఎల్సీ అయితే ఫీడర్ పేరు, సమయం, తీసుకున్నవాడి పేరు ఇద్దరూ పైకి చదివి, ఇద్దరూ రాసుకోవాలి.

పేజీ దాటనివ్వను. ఏటా వేసవి లోడు పెరగకముందే, ఫిబ్రవరిలో మళ్లీ చూస్తాను. ఏడాదంతా ఒక్కసారీ అక్కరకు రాని వాక్యాన్ని కొట్టేస్తాను. నకలు షిఫ్ట్ ఆపరేటర్ టేబుల్ మీద ఉంటుంది. ఫోన్లు ముందు వచ్చేది అతనికే. "ఏఈ గారు రాసిచ్చారు సార్, చార్జ్ చెయ్యలేను" అనడానికి అతని చేతిలో ఒక కాగితం ఉండాలి.