బంకర్ ఒక్కటీ లేని కొండ

ఇంగ్లండ్‌లో మన గోల్ఫ్ పిచ్చోళ్లు ఎక్కడ ఆడాలని అడిగితే నేను చెప్పే పేరు కింగ్టన్ గోల్ఫ్ కోర్సు. వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో, హెరెఫర్డ్‌షైర్‌లో, బ్రాడ్నర్ కొండ మీద ఉంటుంది. ఎత్తు 1,284 అడుగులు. ఇంగ్లండ్‌లోని 18 హోల్స్ కోర్సుల్లో ఇంతకంటే ఎత్తున ఇంకోటి లేదు. ఊళ్లోంచి సన్నటి దారిలో కారు మూలుగుతూ ఎక్కాలి. పైన క్లబ్ హౌస్, గొర్రెలు, గాలి. అంతే.

1920ల్లో దీన్ని గీసింది మేజర్ సి.కె. హచిసన్. కోర్సు మొత్తంలో బంకర్, అంటే బంతిని ఇరికించే ఇసుక గుంట, ఒక్కటి కూడా లేదు. (ఉంటే గాలికి చాటుగా గొర్రెలే కాపురం పెట్టేవి, అది వేరే సంగతి.) బదులుగా గ్రీన్ల (హోల్, జెండా ఉండే నున్నటి గడ్డి జాగాల) చుట్టూ గడ్డి గుంటలు, దిబ్బలు.

"బంకర్లే లేకపోతే ఇంక టెన్షన్ ఏముందిరా?" అన్నాడు మా గుంటూరు మిత్రుడు. కాసేపటికే వాడి బంతి గ్రీన్ అంచున పడి, ఆగినట్టే ఆగి, మెల్లగా గుంటలోకి జారింది. దిగి చూస్తే జెండా పైకొస మాత్రమే కనబడుతోంది. కాళ్ల కింద గడ్డి, గొర్రెలు కొరికి కొరికి, చాప పరిచినట్టుంది. బంతిని ఎత్తుగా లేపే కర్ర వెడ్జ్‌తో కొడదామంటే బంతి కింద సందు లేదు. కాస్త తేడా వస్తే అవతలి గుంటలో తేలుతుంది. నేల మీదే దొర్లించే పటర్‌తో తోస్తే గట్టెక్కాలి, బలం చాలకపోతే మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. సెవెన్ ఐరన్‌తో గట్టుకేసి కొడితే ఎటు ఎగురుతుందో దేవుడికెరుక. వాడు మూడు కర్రలూ మార్చి మార్చి పట్టుకుని చూశాడు.

ఇసుకలో పడితే అంత ఆలోచన ఉండదు: శాండ్ వెడ్జ్ తీస్తాం, ఇసుకను కొడతాం. ఇక్కడ ఎలా ఆడాలో తేల్చుకోవాల్సింది మనమే. నాకు ఈ కోర్సులో బాగా నచ్చేది అదే.

పొడవు 6,000 గజాలు కూడా ఉండదు. స్కోరు కార్డు చూసి తేలిగ్గా తీసుకున్నవాళ్ల పని వాలు, గాలి కలిసి పడతాయి. ఫెయిర్‌వే, అంటే కురచ గడ్డి దారి, దాటితే బ్రాకెన్ ఫెర్న్ పొదలు. జులైలో అందులో పడ్డ బంతికి నీళ్లొదులుకోవాల్సిందే.

కోర్సు మీదుగానే 177 మైళ్ల ఆఫాస్ డైక్ కాలిబాట పోతుంది. వీపున బ్యాగులతో నడిచేవాళ్లు దాటేదాకా ఆగండి. వీలైతే అక్టోబరులో వెళ్లండి, బ్రాకెన్ ఎర్రబారి కొండ బాగుంటుంది. కింద ఎండగా ఉంది కదాని స్వెట్టర్ మాత్రం ఇంట్లో వదిలేయకండి.