చెవితో చూడాల్సిన సినిమాలు

ఇవాళ రెండో శనివారం, ఆఫీసు లేదు. లైన్ల పని ఉందని పొద్దున్నే కరెంటు తీసేశారు. మధ్యాహ్నం దాకా రాదని నిన్ననే మెసేజ్ పెట్టారు కాబట్టి తిట్టుకోవడానికి కూడా లేదు. మిక్సీ తిరగదు, ఇస్త్రీ కుదరదు. గోంగూర కట్టలు ముందేసుకుని హాల్లో కింద కూర్చున్నాను. మామయ్యగారు కిటికీ పక్కకి కుర్చీ లాక్కుని పేపరు చదువుకుంటున్నారు.

అప్పుడొచ్చింది మా అక్క కూతురి వాయిస్ మెసేజ్. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది, సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయట. "పిన్నీ, వారం రోజులు ఖాళీ. పాత తెలుగు కామెడీ ఏవైనా చెప్పు. పేర్లు పంపు చాలు, ఎక్కడున్నాయో నేనే వెతుక్కుంటా. బోర్ కొట్టేవి వద్దు. ఆ, బ్రహ్మానందంవి కూడా వద్దు, అవన్నీ చూసేశాం."

అన్నీ చూసేశారట! ఈ పిల్ల నాకు "సరే" అనాలన్నా బ్రహ్మానందం స్టిక్కరే పంపుతుంది. అది ఏ సినిమాలోదే అంటే మాత్రం తెలీదు. మా వాడూ అంతే. ఆ ముఖం ఎన్ని వంకర్లు తిరుగుతుందో వీళ్లకి కంఠతా వచ్చు, ఆ నోరు అప్పుడు ఏమంటోందో తెలీదు. ఆయన సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్. మాటని ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ టప్పున తెంపాలో క్లాసురూములోనే నేర్చుకుని ఉంటారు. అలాంటి మనిషిని పట్టుకుని మూగబొమ్మని చేసి ఫోన్లో దాచుకున్నారు. అసలు ఆ స్టిక్కర్లు చూసినప్పుడల్లా నాకు టీవీ మ్యూట్‌లో పెట్టినట్టే ఉంటుంది.

దీనికి పేర్లు పంపితే సరిపోదు, ఎలా చూడాలో కూడా చెప్పాలి అనిపించింది. నాకు కామెడీ విషయంలో ఒకటే పరీక్ష. టీవీ హాల్లో మోగుతుండాలి, నేను వంటింట్లో ఉండాలి, తెర కనపడకూడదు. అయినా నవ్వొస్తే అది మంచిది. పెళ్లైన కొత్తలో ఈ ఇంట్లో సినిమాలన్నీ నేను అలాగే చూశాను, అంటే విన్నాను. ఆ పరీక్షలో ఎప్పుడు పెట్టినా నెగ్గేవి జంధ్యాలవి.

అందుకు కారణం ఉందని నా నమ్మకం. ఆయన నాటకాలు రాసి వచ్చిన మనిషి, డైరెక్టర్ కాకముందు మాటల రచయిత. శంకరాభరణానికి మాటలు రాసిందీ ఆయనే. ఎంచుకున్న నటులు కూడా అలాంటివాళ్లే. సుత్తి వీరభద్రరావు మా విజయవాడ రేడియో స్టేషన్లో పనిచేసినాయన. ఈ మాట అనగానే మామయ్యగారు పేపరు దించారు. ఆయనకి రేడియో నాటకాలంటే ప్రాణం. "రేడియోలో మొహం కనపడదమ్మా, కోపం వచ్చిందని గొంతే చెప్పాలి" అన్నారు. నేను చెప్పాలనుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. శ్రీవారికి ప్రేమలేఖలో వీరభద్రరావు అరుపులు వింటే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఆయన ఊరికే అరవడు, ఒక రాగం పట్టుకుని అరుస్తాడు. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలీదు.

మొదటి పేరు అదే పెట్టాను. 1984లో వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారంగా తీశారు. ఒకమ్మాయి ఎవరికని లేకుండా సరదాగా రాసిన ప్రేమలేఖ ఒకబ్బాయి చేతిలో పడటం, అతను ఆ పిల్లని వెతుక్కోవడం, అంతే కథ. కానీ మా అక్క కూతురు ఆ సినిమా చూడాల్సింది నరేష్ కోసమో పూర్ణిమ కోసమో కాదు, శ్రీలక్ష్మి కోసం.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే శ్రీలక్ష్మి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. కామెడీ అనగానే మగవాళ్ల పేర్లు పది చెప్పి, ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి సూర్యకాంతం, రమాప్రభ అని ఆగిపోతారు. ఆ సినిమాలో ఈవిడకి సినిమాల పిచ్చి. కథ చెప్పడం మొదలుపెడితే టైటిల్స్ దగ్గర్నుంచే మొదలుపెడుతుంది. బ్యానర్ పేరు, నటీనటులు, సంగీతం, కూర్పు, ఒక్కటీ వదలదు. పాపం వినేవాడు ఎప్పుడు కథలోకి వస్తుందా అని చూస్తుంటాడు. అందులో తెర మీద జరిగేది ఏమీ లేదు, ఒక మనిషి మాట్లాడుతుంది, ఇంకో మనిషి చస్తూ వింటాడు. మొత్తం గొంతులోనే ఉంది. ఆ పేర్లు ఆవిడ భక్తిగా, నిజంగానే ముఖ్యమన్నట్టు చదువుతుంది చూడండి, అక్కడ నేను కత్తిపీట పక్కన పెట్టేసి మరీ నవ్వాను ఒకసారి.

చంటబ్బాయ్‌లో ఆవిడ కవయిత్రి. తన కవితలు వేయమని పత్రిక ఎడిటర్ ప్రాణం తీస్తుంటుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల అది, 1986 సినిమా. చిరంజీవి డిటెక్టివ్. ఇప్పటి పిల్లలకి చిరంజీవిని అలా చూడటం కొత్తగా ఉంటుంది, ఫైట్లు చేసి గెలిచే మనిషి కాదు ఇందులో, బోల్తా పడి లేచే మనిషి. ఆయన అలాంటివి ఇంకో నాలుగు చెయ్యాల్సిందని నాకు ఎప్పుడూ ఉంటుంది. జయమ్ము నిశ్చయమ్మురాలో శ్రీలక్ష్మి "బాబూ చిట్టీ" అంటూ కనపడ్డవాళ్లనల్లా తప్పిపోయిన కొడుకనుకుని వాటేసుకుంటుంది. ఆ పిలుపు మా వీధిలో చాలాకాలం నడిచింది. ఆ సినిమా చూడనివాళ్లు కూడా అనేవాళ్లు.

రెండు కట్టలు తుంచేసరికి మా ఆయన బజారు నుంచి వచ్చారు. జాబితా వినిపించాను. "పుష్పక విమానం ఏది?" అన్నారు. అందులో డైలాగులే లేవు, నా పరీక్షలో కూర్చోడానికే అర్హత లేదు అన్నాను. "అంటే మాటలు లేకుండా జనాన్ని నవ్వించిన సినిమాని నీ వంటిల్లు ఫెయిల్ చేసిందన్నమాట" అని ఆయన ఎత్తిపొడుపు. పుష్పక విమానం వచ్చిన 1987లోనే అహ నా పెళ్ళంట కూడా వచ్చింది. ఒకే ఏడాదిలో ఒకటి నోరు మూసుకుని నవ్వించింది, ఇంకోటి నోరు తెరిచి నవ్వించింది. ఆ సంగతి నేనంటే ఆయనే గెలిచినట్టు మొహం పెట్టారు.

అహ నా పెళ్ళంటలో కోడి సీను అందరికీ తెలుసు. లక్ష్మీపతి అనే పీనాసి కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. అది కంటితో చూడాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఆ పీనాసి దగ్గర పనిచేసే అరగుండు ఉన్నాడే, బ్రహ్మానందం, వాడు లోలోపల గొణుక్కుంటూ తిట్టే తిట్లు చెవిలో పడితేనే ఆ ఇంట్లో బతుకు ఎలా ఉందో తెలుస్తుంది. బ్రహ్మానందంవి వద్దన్నా ఇది పంపాను. ఇది చూడకుండా అన్నీ చూశామంటే కుదరదని కింద రాశాను కూడా. లక్ష్మీపతి వేషం వేసిన కోట శ్రీనివాసరావు మా పక్కనున్న కంకిపాడువారు, బ్యాంకు ఉద్యోగం చేసి నాటకాల్లోంచి వచ్చారు. 2025 జూలైలో ఆయన పోయారన్న వార్త వచ్చిన రోజు మామయ్యగారు ఈ సినిమానే పెట్టమన్నారు. విలన్ వేషాలు ఎన్ని ఉన్నా ఆయనకి కోట అంటే లక్ష్మీపతే.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాను. ముక్కలు ముక్కలుగా కోసి పెట్టిన కామెడీ బిట్లు చూడొద్దని. జంధ్యాల సినిమాలో ఒక పిచ్చి ఉన్న మనిషి మొదటిసారి వచ్చినప్పుడు మామూలుగా ఉంటుంది. రెండోసారి చిన్నగా నవ్వొస్తుంది. నాలుగోసారి వాడు తలుపు దగ్గర కనపడగానే, ఇంకా నోరు విప్పకముందే మనం నవ్వేస్తాం. బిట్లలో ఆ నాలుగోసారిదే పెడతారు. ముందు మూడూ లేకుండా చూసిన పిల్లలు "దీనికి అంత నవ్వేముంది?" అంటారు, వాళ్ల తప్పేముంది.

డైరెక్టర్ వంశీ సినిమాల దగ్గర కొంచెం ఆలోచించాను. లేడీస్ టైలర్ అంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. ఇళయరాజా పాటలు, తనికెళ్ల భరణి మాటలు, గోదావరి పల్లె. కానీ తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం దర్జీ ఊళ్లో ఆడవాళ్ల వెంట పడటం అనే కథ ఇప్పుడు ఇరవై ఏళ్ల ఆడపిల్లకి పిన్నిగా నేను చెప్పి చూపించాలా? 1986లో నవ్వాం. అదే సినిమా ఈమధ్య టీవీలో వస్తే కొన్ని చోట్ల నవ్వు రాలేదు. మంచి సినిమా కాదని అనను. అది పెద్దయ్యాక దానంతటది చూస్తుంది. బదులుగా ఏప్రిల్ 1 విడుదల పెట్టాను. 1991. వీడియో షాపు నడిపే దివాకరం అబద్ధాలకోరు. ప్రేమించిన అమ్మాయి కోసం ఇక అబద్ధం ఆడనని ఒప్పందం రాసుకుంటాడు, నిజాలు చెప్పడం మొదలుపెట్టగానే ఊరంతా తలకిందులవుతుంది. రాజేంద్రప్రసాద్ నిజం చెప్పేముందు ఒక చిన్న గుటక వేస్తాడు. అది కూడా వినపడుతుంది నాకు.

కుక్కర్ పెట్టి వచ్చాక టీవీ సంగతి. ఇందులో తర్జనభర్జన ఏమీ లేదు, అమృతం. 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా నడిచింది. హాస్టల్ పిల్లలకి ఇదే అన్నిటికంటే సులువు, ఒక్కో ఎపిసోడ్ టిఫిన్ తినేంత సేపే. అమృతరావు, ఆంజనేయులు కలిసి హోటల్ పెట్టడం, ఇంటి ఓనర్ అప్పాజీ, సర్వర్ సర్వం. అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు మారారు. అయినా మాకు ఇబ్బంది అనిపించలేదు, ఎందుకంటే పక్కన ఆ ఆంజనేయులు గొంతు మారలేదు. గుండు హనుమంతరావుది అది. లోకంలో ఉన్న దిగులంతా తన నెత్తిన పడ్డట్టు మాట్లాడతాడు, మనకి నవ్వొస్తుంది. 2018లో ఆయన పోయారు. ఇక టైటిల్ పాట, సిరివెన్నెల రాశారు, కల్యాణీ మాలిక్ బాణీ కట్టి పాడారు. కరెంటు, రెంటు అని మన కష్టాలు లెక్కపెట్టి, సంసార సాగరం చెంచాలో పట్టేంతే అని తేల్చేస్తారు సీతారామశాస్త్రి. ఫ్యాను తిరగని హాల్లో కూర్చుని నేనూ మామయ్యగారూ దాన్ని ఫోన్లో పెట్టుకుని విన్నాం.

కొత్తవి నేను చెప్పక్కర్లేదు, దానికే బాగా తెలుసు. ఒక్క పెళ్ళిచూపులు మాత్రం మళ్లీ చూడమన్నాను, ఈసారి కళ్లు మూసుకుని. షూటింగ్‌లో మాట్లాడింది మాట్లాడినట్టే రికార్డు చేశారు అందులో, తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించలేదు. అందుకే ప్రియదర్శి మాటలు పక్క రూములోంచి వినపడ్డట్టు ఉంటాయి. తరుణ్ భాస్కర్‌కి మాటలకి జాతీయ అవార్డు వచ్చింది ఆ సినిమాకే. జంధ్యాల భాషకీ ఈ భాషకీ సంబంధం లేదు, ఒకటి కోస్తా నాటకం నుంచి వచ్చింది, ఇంకోటి హైదరాబాద్ గల్లీ నుంచి. నా పరీక్షలో మాత్రం రెండూ పాస్.

కరెంటు వచ్చాక ఇస్త్రీ. అప్పుడు పాటలు. మా అక్క కూతురు పాటలు అడగలేదు, అయినా పంపాను. శ్రీవారికి ప్రేమలేఖకీ, అహ నా పెళ్ళంటకీ సంగీతం రమేష్ నాయుడు. మేఘసందేశానికి జాతీయ అవార్డు తెచ్చుకున్న మనిషి. ఆయన ముందు కవి చేత పాట రాయించుకుని, దానికి బాణీ కట్టేవారని అందరూ చెబుతారు. వింటే అది నిజమేననిపిస్తుంది, వేటూరి మాట ఎక్కడా నలగదు. శ్రీవారికి ప్రేమలేఖలో అంత గోల మధ్య "లిపి లేని కంటి బాస" లాంటి పాట ఎలా ఇమిడిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అహ నా పెళ్ళంట వచ్చిన ఏడాదే రమేష్ నాయుడు పోయారు.

ఇంకొకటి, పాడుతా తీయగా పాత ఎపిసోడ్లు. అందులో పిల్లలు పాడేది సరే, పాట అయ్యాక బాలసుబ్రహ్మణ్యం గారు మాట్లాడేది వినమన్నాను. ఎవరు రాశారు, ఏ అక్షరం ఒత్తాలి, రికార్డింగ్ రోజున ఏం జరిగింది, మధ్యలో ఒక జోకు, ఎవరినో అనుకరించడం. తప్పు పట్టుకుంటే కూడా పిల్లలు నవ్వేవాళ్లు. నాకు ఆయన పాటలకంటే ఆ మాటలే ఇష్టమని అంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. దశావతారం తెలుగులో కమల్‌హాసన్ వేసిన ఏడు పాత్రలకి ఆయనే డబ్బింగ్ చెప్పారు, అందులో ముసలావిడ పాత్ర కూడా ఉంది. ఇది మా ఆయనకి తెలీదట! వెంటనే ఫోన్ తీసి వెతికి, ఆ సీను పెట్టుకుని రెండుసార్లు విన్నారు. చూడలేదు, విన్నారు. నేనేమీ అనలేదు.

పంపేముందు మామయ్యగారికి మొత్తం చదివి వినిపించాను. "మిస్సమ్మ లేకుండా కామెడీ ఏంటమ్మా" అన్నారు. అదీ నిజమే. 1955 సినిమా అని ఆ పిల్ల భయపడుతుందేమోనని, దేవయ్య అనే రేలంగి చెయ్యి చాపి తైలం, అంటే డబ్బులు, అడిగే దగ్గర్నుంచి చూడు, తర్వాత నువ్వే మొదటికి వస్తావు అని రాశాను. అట్టడుగున, మా ఆయన పోరు పడలేక, పుష్పక విమానం. దాని పక్కన బ్రాకెట్లో "ఇది బాబాయి సొంత పూచీ మీద" అని పెట్టాను. ఆయన చదివి, "పూచీ నాదే, కానీ వంటింట్లోంచి చూడొద్దని కూడా రాయి" అన్నారు.