చవితి కథలో జోలపాట

మా విజయనగరం ఇంట్లో పల్చటి వినాయక వ్రతకల్పం పుస్తకం ఒకటుంది. అట్ట ఊడిపోతే మా మామ్మ పాత క్యాలెండర్ కాగితంతో మళ్లీ వేసింది. భాద్రపద శుద్ధ చవితి పొద్దున్న ముందు ఆ పుస్తకం తీసి బొట్టు పెట్టాలి. పత్రి కోసం గంటస్తంభం వైపు వెళ్లేది ఆ తర్వాతే.

పత్రి పూజ పేజీ అంతా పసుపు మరకలే. 21 పత్రాల సంస్కృతం పేర్ల పక్కన మామ్మ పెన్సిల్‌తో మన పేర్లు రాసింది. బృహతికి వాకుడు, అపామార్గానికి ఉత్తరేణి, సింధువారానికి వావిలి. నాకు ఆ చెట్లు తెలిసింది ఆ పేజీ వల్లే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి ఇల్లు కారి పుస్తకం తడిసిపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో అమ్మ పేజీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి ఆరబెట్టింది. కొత్తది కొందాం అన్నాను. "ఇందులో మీరందరూ ఉన్నార్రా" అంది.

ఉన్నాం, నిజమే. శమంతకమణి కథలో ఒక శ్లోకం వస్తుంది. ఇంట్లో కొత్తగా చదవడం వచ్చిన పిల్లలే దాన్ని చదవాలని మామ్మ నియమం. తడబడినా ఎవరూ అందించకూడదు. చదివాక పేజీ అంచున వాళ్ల పేరు, ఆ ఏడాది రాయాలి.

సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః
సుకుమారక మా రోదీః తవ హ్యేష స్యమంతకః

సింహం ప్రసేనుణ్ణి చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు, చిట్టితండ్రీ ఏడవకు, ఈ మణి నీదే అని అర్థం. చవితి చంద్రుణ్ణి పాలలో చూసిన కృష్ణుడి మీద నీలాపనింద పడింది. మణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని అతని అన్న సత్రాజిత్తు అన్నాడు, ఊరంతా నమ్మింది. కృష్ణుడు ఎవరితోనూ వాదించలేదు. ఊరివాళ్లను వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ప్రసేనుడి శవం, సింహం అడుగులు, ఆ తర్వాత భల్లూకం అడుగులు చూసుకుంటూ జాంబవంతుడి గుహ దాకా నడిచాడు. లోపల ఊయలలో ఏడుస్తున్న జాంబవంతుడి బిడ్డకు దాది పాడుతున్న జోలపాటే ఆ శ్లోకం. జాంబవంతుడితో యుద్ధం 28 రోజులు సాగిందని భాగవతం చెబుతుంది. నా మనసు మాత్రం ఎప్పుడూ యుద్ధం కంటే ముందున్న ఆ ఊయల దగ్గరే ఆగిపోతుంది.

ఆ దాది సాక్ష్యం చెప్పడానికి రాలేదు. నింద సంగతే ఆమెకు తెలియదు. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెడుతోంది, అంతే. ద్వారకలో ఇంతమంది పెద్దలుండగా, నిజం ఒక జోలపాటలో దొరికింది. ఎవరినీ గెలిపించాలనీ ఓడించాలనీ లేని నోటి నుంచి వచ్చింది కాబట్టే ఆ మాటకు నింద పోగొట్టే బలం ఉందని నా నమ్మకం. నింద అంటే ఏమిటో తెలియని పిల్లల చేత మామ్మ ఎందుకు చదివించేదో నాకు పెద్దయ్యాక అర్థమైంది.

కథ అయ్యేదాకా అందరం గుప్పిట్లో అక్షతలు పట్టుకునే కూర్చుంటాం. కథ పూర్తయ్యాక కొన్ని స్వామి మీద, కొన్ని మన తల మీద వేసుకోవాలి.

మొన్నటి చవితికి వంతు మా అప్ప కూతురిది. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది. "సుకుమారక" దగ్గర ఆగిపోయింది. ఎవరం అందించలేదు. అక్షతలు చేతికి అంటుకుపోతున్నాయి. ఉండ్రాళ్లు చల్లారిపోతున్నాయి. వేలు పెట్టి ఒక్కో అక్షరం పలికి చివరికి "స్యమంతకః" అని గట్టిగా అంది. తలెత్తి, "ఆ బాబు ఏడుపు ఆపాడా?" అని అడిగింది.

పుస్తకంలో ఆ మాట లేదు. అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పెన్సిల్ చేతికిచ్చింది. నా పేరు కింద ఇంకా కొంచెం చోటుంది.