మా రాగి పురుడు

జనవరి మొదటి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. హాల్లో గాజు ట్యాంక్ నుంచి సన్నగా కిచకిచలు. ఊళ్ళో చూరు కింద పిచ్చుక గూట్లోంచి వినిపించేవే, అలాంటివి. లైటు వెయ్యకుండా, ఫోన్ వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. రాగి తన గూట్లో ముందుకి వంగి కూర్చుని దేన్నో నాకుతోంది. దాని పొట్ట కింద వేరుశనగ కాయంత ఎర్రటి పిల్ల, ఒంటి మీద నూగు కూడా లేదు.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో. మా పాప తొమ్మిదో పుట్టినరోజుకి అక్టోబర్‌లో రెండు జెర్బిళ్ళని తెచ్చాం. చూడటానికి చిట్టెలుకల్లా ఉంటాయి కానీ తోక నిండా బొచ్చు, తోక చివర చిన్న కుచ్చు. గోధుమరంగుదానికి రాగి అని, నల్లదానికి మిరియం అని పాపే పేర్లు పెట్టింది. రెండూ ఆడవే, అక్కాచెల్లెళ్ళు అని షాపులో చెప్పారు. మేం నమ్మాం.

ప్రతి ఆదివారం వంటింటి తూకం మీద చిన్న గిన్నె పెట్టి వాటి బరువు చూసి పాప తన నోటు పుస్తకంలో రాసేది. డిసెంబర్‌లో రాగి 66 గ్రాములు. తర్వాత 70, ఆ తర్వాత 76. ఒళ్ళు చేస్తోందనుకుని పొద్దుతిరుగుడు గింజలు తగ్గించేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కడుపుతో ఉన్న ప్రాణికి సరిగ్గా బలం కావలసిన రోజుల్లో తిండి తగ్గించాను.

గురువారం నాటికి పైన సన్నగా, కింద బరువుగా బేరిపండులా తయారైంది. భయపడి రెండింటినీ వెట్ దగ్గరికి, అంటే జంతువుల డాక్టరమ్మ దగ్గరికి, తీసుకెళ్ళాం. ఆవిడ మిరియాన్ని అరచేతిలో తిప్పి చూసి ఇది మగది అంది. రాగికి ఇంకో మూడు నాలుగు రోజులు ఉండొచ్చు అంది. జెర్బిల్ చూలు 24 నుంచి 26 రోజులేనట. కడుపు బయటికి తెలిసేది చివరి వారంలోనే. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈనిన రోజే ఆడది మళ్ళీ ఎదకి వస్తుంది, మగదాన్ని పక్కన ఉంచితే అదే రోజు మళ్ళీ చూలు కడుతుంది అని.

ఇంటికి రాగానే ముందు ట్యాంక్‌లో అవి పరుగెత్తే చక్రం తీసేశాను. తల్లి పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తుంది, ఒక్కోసారి చక్రంలో కూడా పెడుతుంది. ఇసుక గిన్నె కూడా తీసేశాను. వాసన లేని తెల్ల టిష్యూలు ముక్కలు చేసి వేస్తే రాగి ఒక్క రాత్రిలో అన్నీ చీల్చి దూదిపింజల్లా చేసి గూడు కట్టుకుంది. దూది మాత్రం వెయ్యకూడదు. దాని పోగులు పిల్లల కాళ్ళకి చుట్టుకుని బిగిస్తాయి.

తెనాలిలో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "ఎలక్కి పురుడేంటే?" అంది. మరుక్షణమే "ఏం పెడుతున్నావు దానికి?" అని అడిగింది. పాప పుట్టినప్పుడు నన్ను చూడటానికి వచ్చినవాళ్ళందరూ అమ్మని అడిగింది కూడా ఆ మాటే. ఉడికించిన గుడ్డు బఠాణీ గింజంత, ఎండు పురుగులు రెండు, పొద్దుతిరుగుడు గింజలు మళ్ళీ మొదలు, ఇంకా ఇదిగో అని పెట్ షాపులో పక్షుల కోసం అమ్మే కంకి ఒకటి చూపించాను. "అది కొర్ర కంకి కదే!" అంది. నిజమే, కొర్రలే. ఇన్నాళ్ళుగా ఇంట్లో ఉన్నా నేను గుర్తుపట్టలేదు.

మిరియం కోసం వేరే ట్యాంక్ ఆదివారం మధ్యాహ్నానికి వస్తుందన్నారు. రాగి ఆ ఉదయమే ఈనేసింది.

గంటన్నరలో ఆరు పిల్లలు. నేను నేల మీద కూర్చుని కదలకుండా చూశాను. ఆరోదాన్ని శుభ్రం చేశాక రాగి నీళ్ళు తాగడానికి గూట్లోంచి బయటికి వచ్చింది. అంతే, మిరియం వెనక కాళ్ళతో దడదడా నేలని కొట్టడం మొదలుపెట్టింది. రాగిని తరమసాగింది. ట్యాంక్ చుట్టూ రెండూ పరుగులు. పోట్లాడుకుంటున్నాయి, విడదియ్యమని పాప ఏడ్చింది. అది పోట్లాట కాదని నాకు అప్పటికే తెలుసు. మధ్యమధ్యలో రాగి పిల్లల దగ్గరికి వెళ్ళి వాటి మీద కూర్చునేది, మళ్ళీ బయటికి వచ్చేది. పొద్దున పదింటి దాకా అలాగే నడిచింది.

మధ్యాహ్నం ట్యాంక్ వచ్చింది. అప్పుడు అసలు ప్రశ్న. జరగాల్సింది జరిగిపోయాక తండ్రిని విడదీసి ఏం లాభం? వెట్‌కి ఫోన్ చేస్తే, ఇక ఉంచండి, పిల్లలకి వెచ్చదనం దొరుకుతుంది అంది. మంగోలియా మైదానాల్లో ఇవి బొరియల్లో కుటుంబంగా బతుకుతాయి. తల్లి మేతకి వెళ్తే తండ్రి పిల్లల మీద పొదుగుతుంది. మా మిరియం అచ్చం అలాగే చేసింది. రాగి బయటికి వచ్చిన ప్రతిసారీ గూట్లోకి దూరి, చెదిరిన టిష్యూలు మూతితో పిల్లల మీదకి లాగి, వాటిని పొట్ట కింద పెట్టుకుని కూర్చునేది. మగ ఎలుక పిల్లల్ని తినేస్తుందని చాలామంది నన్ను భయపెట్టారు. నా కళ్ళారా చూసింది ఇది.

రెండు రోజులు గూడు ముట్టుకోలేదు. రాగి బయటికి వచ్చినప్పుడు పైనుంచి లెక్క చూసుకోవడమే. పిల్లల చర్మం ఎంత పలచనంటే, పాలు తాగినదాని పొట్టలో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఐదింటికి కనిపించింది. అన్నిటికన్నా చిన్నదానికి రెండో రోజు సాయంత్రం కనిపించలేదు. మూడో రోజు చేతులు కడుక్కుని, ట్యాంక్‌లోని కాగితపు పొట్టుతో అరచేతులు రుద్దుకుని, పెద్ద పిల్లలు మూడింటిని గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ళ బాటిల్ మీద పావుగంట ఉంచాను, చిన్నదానికి చోటు దొరుకుతుందని. రెండుసార్లు అలా చేశాను. ఒకసారి తాగింది కూడా. నాలుగో రోజు పొద్దున రాగి దాన్ని గూటి బయట పెట్టేసింది. మూడు గ్రాములు కూడా లేదు. పాప దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి పెరట్లో గులాబీ మొక్క కింద పూడ్చింది. ఆ రోజు నోటు పుస్తకంలో ఐదు అని రాసి, పక్కన ఏమీ రాయలేదు.

మిగతా ఐదూ రోజుకో రకంగా మారాయి. ఐదో రోజుకి తలకి అతుక్కున్న చెవులు విచ్చుకున్నాయి. ఏడో రోజుకి చర్మం కింద రంగు నీడలా తేలింది, మూడు నల్లవి, రెండు గోధుమవి అని అప్పుడే తెలిసిపోయింది. పదో రోజు నాకు ముఖ్యమైన రోజు. పొట్ట మీద బొచ్చు పూర్తిగా కమ్మేలోపు ఆడపిల్లలకి చనుమొనలు చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ అర నిమిషం చేతిలో ఉంచి ఫోటో తీశాను. రెండు ఆడ, మూడు మగ. షాపులో ఒక్కరు ఇంత శ్రద్ధగా చూసి ఉంటే సరిపోయేది.

పదిహేడో రోజు మొదటిది కళ్ళు తెరిచింది. ఇక ఆ తర్వాత మా హాలు హాలు కాదు. పిల్లలు ఉన్నచోటనే పేలాల్లా ఎగురుతాయి, ఎందుకు ఎగురుతున్నాయో వాటికీ తెలియదు. నీళ్ళ సీసా వాటికి అందేలా కిందకి దించాను. ట్యాంక్ అప్పటిదాకా కడగలేదు, తడిసిన మూల మాత్రం చెంచాతో తీసేదాన్ని. వాసన మారితే తల్లికి టెన్షన్.

ఈలోపు రాగి బరువు మళ్ళీ పెరుగుతోంది. 25 రోజులు దాటాయి, 30 దాటాయి, ఏమీ లేదు. పాలిచ్చే తల్లికి కడుపులో పిండాలు వెంటనే అతుక్కోవు, అవి ఆగుతాయి, అందుకే రెండో కాన్పు ఆలస్యమవుతుందని వెట్ ముందే చెప్పింది. ఆ వ్యవధే మమ్మల్ని కాపాడింది. ముప్పై ఐదో రోజున మిరియాన్నీ మగపిల్లలు ముగ్గుర్నీ రెండో ట్యాంక్‌లోకి మార్చాం. ఆడపిల్లలిద్దరూ అప్పటికి గింజలు బాగా తింటున్నారు. పాప స్నేహితురాలి ఇంటికి ఇద్దర్నీ జతగా పంపాం.

నలభై ఒకటో రోజు రాత్రి రాగి నాలుగు పిల్లల్ని కంది. తెల్లారేసరికి నా అవసరం లేకుండానే అంతా అయిపోయింది. ఈసారి వెంటపడేవాళ్ళు లేరు. కొర్ర కంకి ఒకటి పెడితే గూటి గుమ్మంలోనే కూర్చుని సగం తినేసి లోపలికి వెళ్ళి పడుకుంది.

వీటిలో ఇద్దరు ఆడపిల్లలు. తల్లి ఒంటరిగా ఉండకూడదు కాబట్టి వాళ్ళు మా దగ్గరే ఉంటారు. మగపిల్లలిద్దరికి ఈ నెలాఖరుకి ఆరు వారాలు నిండుతాయి. అడిగినవాళ్ళందరికీ రెండు మాటలు చెబుతున్నాం. తోక పట్టుకుని ఎత్తకూడదు, తోక మీద చర్మం ఊడి వచ్చేస్తుంది. ఇంకా, ఇద్దర్నీ కలిపి తీసుకుంటేనే ఇస్తాం. ఒక్కటి చాలు అన్నవాళ్ళు ఇప్పటికి ముగ్గురు. పాప ముగ్గురికీ కుదరదనే చెప్పింది.