ఎడమ కాలికి పనిలేదు

మా అమ్మాయికి డ్రైవింగ్ నేర్పుదామని పక్క సీట్లో కూర్చున్న మొదటి రోజే చిన్న గొడవ. ఖాళీ పార్కింగ్ స్థలం. బండి డి గేర్‌లో, అంటే ముందుకెళ్ళే గేర్‌లో ఉంది, పిల్ల కాలు బ్రేక్ మీదే ఉంది. ఎదురుగా గోడ కనబడేసరికి నాకు టెన్షన్ వచ్చి "కాలు తియ్, కాలు తియ్!" అని అరిచాను. నేనన్నది యాక్సిలరేటర్ మీంచి. తను బుద్ధిగా బ్రేక్ మీంచి తీసింది. ఆటోమేటిక్ బండి బ్రేక్ వదిలితే చాలు, దానంతటదే పాకుతుంది. పాకింది. మళ్ళీ తనే నొక్కి ఆపింది.

"నువ్వే కదా నాన్నా తియ్యమన్నావ్!"

ఇంట్లో తెలుగే మాట్లాడాలని ఇన్నేళ్ళూ పట్టుబట్టింది నేనే, ఏమనను? "రేజ్ తగ్గించు" అని చూశాను. "రేసా?" అంది. ఆఖరికి ఒప్పందం కుదిరింది: కార్లో "కాలు" అనే మాటే వద్దు. "బ్రేక్ నొక్కు", "యాక్సిలరేటర్ వదులు". పెడల్ పేరు ముందు, పని తర్వాత.

నిజానికి కాళ్ళ గురించి పాఠం చెప్పే అర్హత నాకు తక్కువే. ఎడమ కాలితో క్లచ్ తొక్కి గేర్లు మార్చే బండి మీద చేయి తిరిగినవాణ్ణి. ఆటోమేటిక్‌కి మారిన కొత్తలో, బండి నెమ్మదించగానే ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెళ్ళి వెడల్పాటి బ్రేక్ పెడల్‌ని అడుగంటా తొక్కేసింది. సీటు బెల్టు ఛాతీని పట్టి లాగింది. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. క్లచ్ తొక్కిన కాలికి మెల్లగా నొక్కడం తెలీదు.

అందుకే ఇంజిన్ ఆపి మరీ సాధన చేయించాను. ఎడమ కాలు పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద, అంతే. కుడి మడమ బ్రేక్‌కి సూటిగా నేల మీద ఉంచి, పాదం ముందు భాగాన్ని అటూ ఇటూ తిప్పడం. కళ్ళు మూసుకుని, మళ్ళీ మళ్ళీ. రివర్స్‌లో ఇంకా జాగ్రత్త: వెనక్కి తిరిగి చూస్తున్నప్పుడు ఒంటితోపాటు పాదమూ జరుగుతుంది. బ్రేక్ అనుకుని నొక్కితే బండి ఇంకా ఉరికితే, గట్టిగా తొక్కకూడదు. ముందు పూర్తిగా వదిలెయ్యాలి, తర్వాత బ్రేక్ వెతుక్కోవాలి. చెప్పడం తేలికే, కంగారులో కాలు మొండికేస్తుంది.

క్లచ్ అంటే ఏంటో తెలియని పిల్ల కాబట్టి చప్పున పట్టుకుంది. నిన్న రివర్స్ చేస్తూ చేస్తూ నా కాళ్ళ వైపు చూసి బండి ఆపేసింది.

"నాన్నా, నువ్వు రెండు కాళ్ళతో తొక్కుతున్నావ్. అక్కడ పెడల్సే లేవు."