సంతాన చికిత్సకు ముందే చేయించుకోవలసిన రెండు రక్త పరీక్షలు

సంతాన సాఫల్య కేంద్రానికి మొదటిసారి వెళ్లిన దంపతులకు రాసిచ్చే పరీక్షల చీటీ సాధారణంగా చాలా పొడవుగా ఉంటుంది. భార్యకు ఏఎంహెచ్ (అండాల నిల్వను తెలిపే పరీక్ష), థైరాయిడ్, ప్రొలాక్టిన్, స్కానింగు, భర్తకు వీర్య పరీక్ష, ఇద్దరికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, వీడీఆర్‌ఎల్ పరీక్షలు అందులో ఉంటాయి. దద్దురు తెచ్చే రుబెల్లా, ఆటలమ్మ (చికెన్‌పాక్స్) అనే వైరస్ జబ్బుల నుంచి ఒంట్లో రక్షణ ఉందో లేదో చెప్పే రుబెల్లా ఐజీజీ, చికెన్‌పాక్స్ ఐజీజీ అనే రెండు పరీక్షలు మాత్రం ఉంటే ఎక్కడో చివరన ఉంటాయి, కొన్నిచోట్ల అసలే ఉండవు. అన్నిటికంటే ముందు చేయించుకోవలసినవి ఈ రెండే అని ఆ దారిలో నడిచిన మనిషిగా నా అభిప్రాయం. రక్షణ లేదని తేలితే వేయించుకోవలసిన టీకాలు రెండూ బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారయినవి కనుక వాటిని గర్భిణులకు వేయరు, వేయించుకున్న తర్వాత కూడా కనీసం 4 వారాలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. అంటే చికిత్స మొదలయ్యాక, ఇంజెక్షన్ల తేదీలన్నీ ఖరారయ్యాక ఈ సంగతి బయటపడితే మొత్తం కార్యక్రమాన్ని వెనక్కి జరపాలి, లేకపోతే రక్షణ లేకుండానే గర్భం దాల్చాలి.

చిన్నప్పుడు టీకాలన్నీ వేయించామని పెద్దవాళ్లు చెప్పే మాట అబద్ధం కాకపోయినా, రుబెల్లా విషయంలో అది సరిపోదు. సార్వత్రిక టీకా కార్యక్రమంలో 1985 నుంచి మన పిల్లలకు వేస్తూ వచ్చినది తట్టు టీకా ఒక్కటే, అందులో రుబెల్లా భాగం లేదు. తట్టు, రుబెల్లా కలిపిన ఎంఆర్ టీకా కార్యక్రమం దేశంలో 2017 ఫిబ్రవరిలో మొదలై, రెండు తెలుగు రాష్ట్రాలకు అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. అప్పుడు 9 నెలల వయసు నుంచి 15 ఏళ్లు నిండని పిల్లల వరకు టీకా వేశారు. ఆ లెక్కన 2002కు ముందు పుట్టినవారు, అంటే ఇవాళ సంతాన కేంద్రాల్లో కనిపించే స్త్రీలలో ఎక్కువమంది, ఆ కార్యక్రమం పరిధిలోకి రాలేదు. పట్టణాల్లో ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపిన టీకా) వేయించుకున్న కుటుంబాలు ఉన్నాయి కానీ, ముప్పై ఏళ్ల నాటి టీకా కార్డు భద్రంగా ఉన్న ఇల్లు అరుదు.

టీకా పడకపోయినా మనలో చాలామందికి చిన్నతనంలోనే రుబెల్లా సోకి, రక్షణ దానంతటదే వచ్చి ఉంటుంది. చిక్కేమిటంటే అది వచ్చిపోయిన సంగతి ఎవరికీ గుర్తుండదు. రెండు మూడు రోజుల పలచని దద్దురు, చెవుల వెనుక కాస్త వాపు, కొద్దిపాటి జ్వరం, అంతే. కొందరిలో ఆ మాత్రం కూడా కనిపించదు. నేను మా అమ్మను అడిగినప్పుడు, 'నీకు ఒకటో తరగతిలో అమ్మవారు పోసిందే, గుమ్మానికి వేపమండలు కట్టాం, మూడో నీళ్లు పోసేదాకా ఎవరినీ లోపలికి రానివ్వలేదు' అని ఎంతో నమ్మకంగా చెప్పింది. అది తట్టా, ఆటలమ్మా అని మళ్లీ అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. నీటి పొక్కులు వచ్చి పక్కులు కట్టినట్టు స్పష్టంగా గుర్తుంటే అది ఆటలమ్మ అని కొంతవరకు అనుకోవచ్చు. రుబెల్లా విషయంలో ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడలేము, రక్త పరీక్ష ఒక్కటే దారి.

పెద్దలకు వస్తే పట్టించుకోనక్కరలేని ఈ జబ్బు గర్భంలోని శిశువుకు ఎంత ప్రమాదమో మొదట గమనించినవాడు నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి వైద్యుడు. పుట్టుకతోనే శుక్లాలు ఉన్న పసిపిల్లలు తన దగ్గరికి అసాధారణమైన సంఖ్యలో రావడం చూసి, తల్లులను విచారించి, వారిలో అత్యధికులకు గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకిందని ఆయన 1941లో ప్రకటించాడు. మొదటి 12 వారాల్లో తల్లికి ఈ వ్యాధి సోకితే శిశువుకు హాని జరిగే అవకాశం 90 శాతం వరకు ఉంటుందని తర్వాతి కాలంలో తేలింది. కంటి శుక్లాలు, వినికిడి లోపం, గుండె లోపాలు వాటిలో ముఖ్యమైనవి. 1964, 65 సంవత్సరాల్లో అమెరికాలో వచ్చిన రుబెల్లా మహమ్మారి వల్ల సుమారు 20,000 మంది శిశువులు ఇటువంటి లోపాలతో పుట్టారు. అక్కడ టీకాకు అనుమతి వచ్చింది 1969లో.

ఇక రిపోర్టు చదివే విషయానికి వస్తే, ఎక్కువమంది భయపడేది ఇక్కడే. రుబెల్లా ఐజీజీ 'పాజిటివ్' అని ఉంటే అది శుభవార్త. పాత రోగమో పాత టీకానో మిగిల్చిన రక్షణ శరీరంలో ఉన్నదని దాని అర్థం. చాలా ల్యాబులు మిల్లీలీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లను హద్దుగా పెట్టుకుంటాయి. ఐజీఎం అనేది ఇటీవలి వ్యాధిని వెతికే పరీక్ష. దద్దురు, జ్వరం వంటి లక్షణాలేవీ లేని మనిషికి దానిని చేస్తే తప్పుడు పాజిటివ్ వచ్చి అనవసరమైన కంగారు పుడుతుంది. మన దగ్గర 'టార్చ్ ప్యానెల్' అని టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్ అన్నీ ఒకే కట్టగా రాసే అలవాటు ఇంకా పోలేదు. రిపోర్టు నిండా ఎర్రటి అక్షరాలతో పాజిటివ్‌లు చూసి, పిల్లలు పుట్టకపోవడానికి ఇవే కారణమని నమ్మి, నెలల తరబడి మందులు మింగినవారు నాకు తెలుసు. ప్రత్యేకమైన కారణం చెప్పకుండా ఎవరైనా ఆ ప్యానెల్ రాస్తే, రుబెల్లా ఐజీజీ ఒక్కటి చాలదా అని మర్యాదగానే అడగాలి.

నా రిపోర్టులో ఆటలమ్మకు రక్షణ ఉంది, రుబెల్లాకు లేదు. సంతాన కేంద్రంలో ఎంఎంఆర్ టీకా నిల్వ ఉండదు కాబట్టి చీటీ రాసి పిల్లల ఆసుపత్రికి పంపారు. చేతికి టోకెన్ ఇచ్చి, గోడల మీద జిరాఫీ బొమ్మలున్న గదిలో, ఏడుస్తున్న పసివాళ్ల మధ్య కూర్చోబెట్టారు. టీకా వేసే నర్సు 'పాప పేరేమిటమ్మా' అని అడిగింది. టీకా నాకేనని చెప్పగానే ఆమె ముఖం మారిపోయి, చివరి నెలసరి ఎప్పుడు వచ్చిందని రెండుసార్లు అడిగి, తేదీ రాసుకుని, చిన్న సీసాలోని పొడిలో నీళ్లు కలిపి జబ్బకు వేసింది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. వయసు వచ్చిన స్త్రీలలో ఈ టీకా తర్వాత ఒకటి నుంచి మూడు వారాల లోపు కీళ్ల నొప్పులు రావడం మామూలేనని ముందే చెప్పడం వల్ల, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి పాల ప్యాకెట్టు కత్తిరించలేకపోయిన రోజుల్లో నేను కంగారుపడలేదు.

ఎదురుచూసే ఆ 4 వారాలు వృథా పోనక్కరలేదు. గర్భం రాకుండా చూసుకోవడమే షరతు కనుక మిగిలిన పరీక్షలు, ట్యూబుల పరీక్ష, ఫోలిక్ ఆసిడ్, థైరాయిడ్ మందుల సర్దుబాటు అన్నీ అప్పుడే ముగించుకోవచ్చు. పిండాలను శీతలీకరించి దాచుకునే పద్ధతి ఎంచుకున్నవారు, అండాల సేకరణను ఆ వ్యవధిలో పెట్టుకోవచ్చా అని తమ డాక్టరును అడగవచ్చు. మన ప్రాంతంలో సంతాన పరీక్షలతోపాటు క్షయ కోసం మాంటూ పరీక్ష రాయడం మామూలు. సజీవ టీకా ఆ పరీక్ష ఫలితాన్ని కొంతకాలం అణచివేయగలదు కనుక రెండూ ఒకే రోజున చేయించుకోవాలి, లేదా టీకా తర్వాత కనీసం 4 వారాలు ఆగాలి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు రెండూ కావలసివస్తే వాటినీ ఒకే రోజు వేయించుకోవచ్చు, విడిగా అయితే మధ్యలో 4 వారాల ఎడం తప్పనిసరి.

చికెన్‌పాక్స్ టీకా నిజంగానే కాలాన్ని తింటుంది. పెద్దలకు 4 నుంచి 8 వారాల ఎడంతో 2 డోసులు, ఆపైన మళ్లీ ఒక నెల. వయసు, ఏఎంహెచ్ రెండూ అనుకూలంగా లేని స్త్రీకి ఆ రెండు మూడు నెలలు చిన్న విషయం కాదు. అయినా వేడి దేశాల్లో ఈ జబ్బు పెద్దవయసులోనూ వస్తుంది, గర్భిణికి వస్తే న్యుమోనియాకు దారితీయవచ్చు కనుక ఈ లెక్కను డాక్టరుతో కూర్చుని వేసుకోవాలి తప్ప ఊరికే దాటవేయకూడదు. 2 డోసులు పూర్తయినవారు మళ్లీ ఐజీజీ చేయించుకోనక్కరలేదు, మామూలు ల్యాబు పరీక్షలు టీకా వల్ల వచ్చిన రక్షణను చాలాసార్లు పట్టుకోలేవు.

హెపటైటిస్ బీ సంగతి తేలిక. అది సజీవ టీకా కాదు, గర్భంలోనూ వేయవచ్చు. 0, 1, 6 నెలల లెక్కన వేసే ఈ టీకాను మన దేశంలో మొదటిసారి రీకాంబినెంట్ (జన్యువులను కలిపి తయారుచేసే) పద్ధతిలో తయారుచేసి 1997లో మార్కెట్టులోకి తెచ్చినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ కావడం తెలుగువారిగా మనకు కాస్త గర్వకారణమే. దానికోసం చికిత్స ఆపవలసిన పని లేదు.

టీకా వేయించుకున్న నెలలోనే అనుకోకుండా గర్భం నిలిస్తే ఏం చేయాలని నన్ను అడిగినవారు ఉన్నారు. ముందుజాగ్రత్తగా ఆగమంటారే గాని, రుబెల్లా టీకా వల్ల శిశువుకు ఆ లోపాలు వచ్చిన దాఖలా లేదు, కాబట్టి ఆ కారణంతో గర్భం తీయించుకోనవసరం లేదని వైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పరీక్షలు ఆలస్యమై రక్షణ లేకుండానే గర్భవతి అయినవారు ఒళ్లంతా దద్దురు ఉన్న మనిషికి దూరంగా ఉండి, కాన్పు కాగానే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపు టీకా వేయించుకోవాలి. బిడ్డకు పాలిస్తున్నా ఎంఎంఆర్ వేయించుకోవచ్చు.